మంచివాళ్ళ చేత కూడా సంతకం పెట్టించాలి

"పాస్టరుగారి అబ్బాయే కదా, వాడికి కూడా కాగితాలెందుకండీ?" క్రైస్తవ సేవాసంస్థలో ప్రవర్తనా నియమావళి మాట ఎత్తగానే వినబడేది ఇదే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంఘం వేరు, సంస్థ వేరు అన్నట్టు ఉండదు. ఆదివారం ఆరాధనలో పక్కపక్కన కూర్చునేవాళ్ళే సోమవారం ట్యూషన్ సెంటర్లో టీచరు, లెక్కలు రాసేవాడు, వంటమనిషి. నమ్మకం ఎక్కువున్న చోట అడిగేవాళ్ళు తక్కువ. తప్పుడు మనిషి వెతుక్కునేది కూడా అలాంటి చోటునే. అందుకని జీతగాళ్ళ దగ్గర్నుంచి, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ బడి) నడపడానికి వచ్చే కాలేజీ కుర్రాళ్ళ దాకా అందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. చేరేముందే ఆధార్, పోలీసు వెరిఫికేషన్, బంధువులు కాని ఇద్దరి పూచీ తీసుకోవాలి.

పిల్లల విషయంలో ఏ సడలింపూ వద్దు. ఒక పెద్దమనిషి, ఒక బిడ్డ, మూసిన తలుపు. ఈ మూడూ ఒక్కచోట కలవకూడదు. ట్యూషన్ దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, వాళ్ళలో ఒకరు ఆడమనిషి కావాలి. చీకటి పడిందని ఒక్క పిల్లని బండెక్కించుకుని ఇంట్లో దించి రాకూడదు, ఇంటివాళ్ళనే పిలవాలి. పిల్లల ఫోన్లకి విడిగా మెసేజీలు పెట్టకూడదు. తల్లే వచ్చి "నాలుగు తగిలించండి సార్" అన్నా చెయ్యి చేసుకోకూడదు.

బిడ్డ ఏదైనా చెప్పడానికి నోరు విప్పితే "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, అది నిలబెట్టుకోలేని మాట. గుచ్చి గుచ్చి అడగకండి. బిడ్డ అన్న మాటలు అన్నవి అన్నట్టే రాసి, తేదీ, టైము వేసి, వెంటనే పోలీసులకి చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చెయ్యొచ్చు. లైంగిక వేధింపుల విషయంలో ఇది మన ఇష్టానికి వదిలిన పని కాదు. పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పి తీరాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది దాకా జైలు, జరిమానా.

సంఘపెద్దలు కూర్చుని, క్షమాపణ చెప్పించి, ప్రార్థన చేసి ముగించే అలవాటు ప్రమాదకరం. సంఘం పరువు నిలబడిందనుకుంటారు. ఆ మనిషి ఇంకో ఊరి సెంటర్లో చేరతాడు, ఆ పిల్ల బడి మానేస్తుంది. క్షమించడం విశ్వాసానికి సంబంధించిన సంగతి. అతనికి మళ్ళీ పిల్లల దగ్గర పనివ్వకపోవడం సంస్థ బాధ్యత. ఈ రెండిటినీ కలిపేసేవాళ్ళతో గట్టిగా వాదించాల్సిందే.

సాయం పంచే రోజు ఇంకో పరీక్ష. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని నేలకూల్చింది. అలాంటప్పుడు టార్పాలిన్ బరకం ఎవరికివ్వాలో తేల్చేవాడే ఊరికి రాజు. కాబట్టి లిస్టు రాసేవారు, సరుకు దాచేవారు, పంచేవారు ముగ్గురూ వేరువేరుగా ఉండాలి. గడపగడపకీ తిరిగి రాసిన లిస్టుని ముందురోజే అందరికీ కనబడేచోట అంటించాలి. ఆ సాయంత్రమే నంబరు వేసిన టోకెన్లు ఇచ్చేయాలి. ముసలివాళ్ళకి, బాలింతలకి వేరే వరస పెట్టాలి. ఇచ్చిన ప్రతి కిట్టుకీ సంతకమో వేలిముద్రో, మిగిలినవాటికి ఇద్దరి సంతకాలతో లెక్క ఉండాలి. లెక్క లేని మిగులు చివరికి ఎవరింటికో చేరుతుంది.

ఆ వరసలో కరపత్రాలు పంచడం, ముందు ప్రార్థనలో కూర్చుంటేనే కిట్టు అనడం పూర్తిగా తప్పు. సాయాన్ని మతప్రచారానికో రాజకీయానికో వాడకూడదని 1994 నాటి రెడ్‌క్రాస్ నియమావళిలోనే ఉంది. ఎవరైనా తమంతట తాము ప్రార్థన అడిగితే ఇంకో రోజు, సరుకు లేనప్పుడు వాళ్ళింటికి వెళ్ళండి. బియ్యం సంచీ పట్టించి ఫోటోలు తీయడం కూడా మానాలి. తియ్యాల్సి వస్తే ముందు అడగాలి, వద్దన్నవాళ్ళకి సాయం తగ్గకూడదు.

డబ్బు దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు విరాళాన్ని సొంత ఫోన్‌పే నంబరుకి వేయించుకోవడం. ఉద్దేశం మంచిదే అయినా ఆడిట్లో సమాధానం ఉండదు. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి. నగదైతే ఇద్దరు లెక్కపెట్టి, నంబరున్న రసీదు ఇచ్చి, మర్నాటికల్లా బ్యాంకులో వెయ్యాలి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆదాయపన్ను మినహాయింపు రాదని దాతకి ముందే చెప్పాలి. విదేశీ విరాళం ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ఖాతాలోకే రావాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు.

కానుకల సంగతి చిన్నదే. ఊరివాళ్ళు ప్రేమతో తెచ్చిన గుమ్మడికాయ, కేజీ జీడిపప్పు కాదనలేం. పుస్తకంలో రాసి అందరూ పంచుకోండి. డబ్బు, బంగారం మాత్రం తీసుకోకూడదు. సాయం పొందేవాళ్ళ దగ్గర అప్పు చెయ్యకూడదు.

ఫిర్యాదుల పెట్టె ఒక్కటీ తగిలిస్తే చాలదు, రాయలేనివాళ్ళే ఎక్కువ. ఆ సెంటర్‌తో సంబంధం లేని ఇద్దరు కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, ఒకరు ఆడమనిషి. మెళియాపుట్టి, మందస కొండ ఊళ్ళలో సవర భాషలో చదివి చెప్పించండి. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట, ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. సీనియర్ మహిళ అధ్యక్షురాలుగా, సగం మందికి తగ్గకుండా ఆడవాళ్ళు, బయటి సభ్యులొకరు ఉండాలి. జీతం లేని వాలంటీర్లు కూడా ఆ పదిమంది లెక్కలోకే వస్తారు. అంతకంటే తక్కువుంటే జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళొచ్చని, ఫిర్యాదుకి మామూలుగా మూడు నెలల గడువుందని చేరిన మొదటి రోజే చెప్పాలి.