భార్య వీసా మీద భర్త ప్రయాణం

హైదరాబాదులో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉంది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో చాలాకాలం నడిచి, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని పన్నెండెకరాల కొత్త ప్రాంగణానికి మారింది. ముప్పై నాలుగు కోట్ల డాలర్లతో కట్టారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. చదువుకోవడానికి పోయే పిల్లలకూ, చుట్టపుచూపుగా పోయే తల్లిదండ్రులకూ అక్కడే ఇంటర్వ్యూ జరుగుతుంది. కట్టుకున్న భార్య దగ్గరికి శాశ్వతంగా పోవలసిన నా వంటివాడు మాత్రం వైద్యపరీక్షలూ వేలిముద్రలూ హైదరాబాదులో ముగించుకొని, ఇంటర్వ్యూకు రైలెక్కి ముంబై వెళ్లాలి. హనుమకొండ నుంచి నానక్‌రామ్‌గూడకు ఒక పూటలో పోయి రావచ్చునే అన్న ఉక్రోషం ఈ ప్రయాణం పొడుగునా నన్ను వదలలేదు కనుక దానిని ముందే చెప్పేస్తున్నాను.

నా భార్య చిన్నతనంలోనే, మేనమామ వేసిన పిటిషన్ (బంధువులను శాశ్వతంగా రప్పించుకోవడానికి అక్కడివారు పెట్టే అర్జీ) మీద తల్లిదండ్రులతో కలిసి అమెరికా వెళ్లి, అక్కడే చదువుకొని పౌరసత్వం పొందింది. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. పెళ్లయిన తరువాత ఆమె నా కోసం పిటిషన్ వేసింది. అది ఆమోదం పొందడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ తరువాత పోలీసు క్లియరెన్సు, జనన ధ్రువపత్రం, సబ్‌రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, ఆమె ఆదాయపు పన్ను కాగితాలు ఒక్కొక్కటిగా చేరాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండడమూ, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడమూ గురించి నేను రాసి ఇచ్చిన అఫిడవిట్ల సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

బయలుదేరిన రోజు సూపర్ లగ్జరీ ఆలస్యమని చెప్పగా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ప్రయాణం ఉచితం కనుక కండక్టరు వరుసగా సున్నా టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, నా దగ్గర మాత్రం ఆగి డబ్బులు అడిగాడు. పథకం మంచిదే, మా విద్యార్థినులు ఎందరో దాని వల్లనే కాలేజీకి వస్తున్నారు. అయినా జనగామ దాకా నిలబడి ప్రయాణించినవాడి మనసు ఆ సమయానికి అంత ఉదారంగా ఉండదు. నారపల్లి నుంచి ఉప్పల్ వరకు ఏళ్ల తరబడి పూర్తికాని ఫ్లైఓవరు స్తంభాల నడుమ బస్సు నత్తనడక నడిచింది. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కితే, అక్కడ 2025 మేలో ఛార్జీలు పెంచి, జనం గోల చేశాక పది శాతం తగ్గించామని చెప్పిన కొత్త ధరలు. ఆ తగ్గింపు తరువాత కూడా టికెట్టు నా జ్ఞాపకంలో ఉన్న ధర కంటె ఎక్కువే. ఆ రాత్రి నగరంలో చిన్నమ్మ ఇంట్లో ఉండి, మరునాడు పొద్దున్నే ఆసుపత్రికి చేరుకున్నాను.

ఈ పరీక్షలు మనకు నచ్చిన డాక్టరు చేయడానికి వీల్లేదు. అమెరికా ప్రభుత్వం ఆమోదించిన వైద్యుల జాబితాలో ఉన్నవారే చేయాలి, వారు అడిగినంత ఇచ్చుకోవాలి. ఫీజు, టీకాల ఖర్చు కలిపి నా నెల జీతంలో చెప్పుకోదగిన భాగం మొదటి కౌంటరు దగ్గరే కరిగిపోయింది. డబ్బు కట్టేటప్పుడు ఆ అబ్బాయి తలెత్తకుండానే, "మేడమ్ వచ్చారా సార్? పాస్‌పోర్టు మేడమ్‌ది ఇవ్వండి" అన్నాడు. పరీక్ష నాకేనని చెప్పాను. అతడు అపాయింట్‌మెంటు కాగితం మీద నా పేరునూ, వీసా రకాన్నీ రెండుసార్లు సరిచూసుకున్నాడు. తరువాత ఎక్స్‌రే గది దగ్గర, రక్తం తీసే గది దగ్గర ఇదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. హాలులో చూస్తే వారి తప్పు కూడా లేదనిపించింది. కెనడా, ఆస్ట్రేలియా వెళ్లే కుటుంబాలను మినహాయిస్తే, అక్కడున్న మగవాళ్లలో ఎక్కువమంది భార్యల ఫైళ్లూ చెల్లెళ్ల ఫైళ్లూ పట్టుకొని కూర్చున్నవారే. పంపడానికి వచ్చిన మగవాడికి ఉండే ధీమా వారి ముఖాలలో కనిపించింది. నేను మాత్రం నా ఫైలును నేనే పట్టుకొని కూర్చున్నాను.

నా పక్కన జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చున్నది. కొడుకు పిటిషన్ వేశాడు, అల్లుడు వెంట వచ్చాడు. బీడీలు చుట్టి పిల్లలను చదివించానని తొలి మాటలోనే చెప్పి, ఆ వెంటనే నన్ను విచారించింది.

"నీ పెండ్లాం లోపలికి పోయిందా బిడ్డా?"

"లేదవ్వా. ఆమె అమెరికాలనే ఉంటది. పరీక్ష నాకే."

ఆమె కాసేపు ఆలోచించి, "అంటే నువ్వు ఇల్లరికం పోతున్నవన్నట్టు," అని తేల్చింది.

ఆ వరుసలో ఉన్నవారంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని, లోపల ఎక్కడో చురుక్కుమన్నది. మా పెదనాయన పరకాల దగ్గరి ఊరికి ఇల్లరికం పోయాడు. నలభై ఏళ్లు ఆ ఊరి పొలం దున్నినా, ఆ ఊరివారు ఆయనను చివరిదాకా ఫలానావారి అల్లుడనే పిలిచారు. పంచాయితీలో ఆయన మాట్లాడబోతే, మామగారు ఏమంటారో కనుక్కొని రమ్మనేవారని మా నాన్న చెప్పగా విన్నాను. పెళ్లికి ఒప్పుకున్న రోజున ఈ సంగతి నాకు గుర్తు రాలేదు. జీతం ఆమెది, ఇల్లు ఆమెది, నన్ను పోషించగలనని సంతకం చేసి ఇచ్చిన హామీపత్రమూ ఆమెదే. ఆడవాళ్లు తరతరాలుగా ఇదే తీరున మరొకరి ఇంటికి పోతున్నా ఎవరూ నవ్వడం లేదు కదా అన్న ఆలోచన కూడా అక్కడే వచ్చింది. అయితే అది అప్పటికి నాకు ఓదార్పు ఇవ్వలేదు. నా ముఖం చూసి అవ్వకే జాలి కలిగినట్టుంది. "మా ఆయన గూడ ఇల్లరికమే వచ్చిండు. మంచిగనే చూసుకున్నం," అన్నది.

టీకాల గదిలో నర్సు నా చిన్ననాటి టీకాల కార్డు అడిగింది. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది, నేను ఆ తరువాత రెండు మూడేళ్లకు పుట్టాను. ఎడమ భుజం మీది బీసీజీ మచ్చ తప్ప నా దగ్గర మరో ఆధారం లేదు. ఎంతో జాగ్రత్తగా లామినేషన్ చేయించి తెచ్చిన కోవిడ్ సర్టిఫికెట్‌ను, 2025 నుంచి దాని అవసరం లేదని ఆమె పక్కకు జరిపింది. వలస వచ్చేవారికి టీకాలు తప్పనిసరి చేస్తూ అమెరికా 1996లో చట్టం తెచ్చింది కనుక, కాగితం లేనివాడు మళ్లీ పొడిపించుకోవలసిందే. "ఆటలమ్మ పోసిందా మీకు?" అని ఆమె అడిగినప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగో తరగతి వేసవిలో పోసింది. పక్క మీద వేపమండలు పరచి, ఇంట్లో తాలింపు వేయకుండా, చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపి, అమ్మ నన్ను పెరుగన్నంతో సాకింది. దిగిన రోజున వేపాకు నీళ్లు పోసి పోచమ్మ గుడికి తీసుకుపోయింది. అదంతా చెప్పబోయాను గాని నర్సు సంవత్సరం చాలునన్నది. ఆ వ్యాధి వచ్చిపోయినట్టు నమ్మకమైన సమాచారం ఉంటే దాని టీకా అక్కరలేదట. అలా పోచమ్మ తల్లి దయవల్ల ఒక సూది, దాని ఖరీదు మిగిలాయి. మిగతావి రెండు చేతులకూ పొడిచారు.

డాక్టరు గదిలో బట్టలు విప్పించి చేసే పరీక్ష గురించి రాయవలసిందేమీ లేదు. ప్రశ్నలే ఎక్కువ. ఎప్పుడైనా మానసిక వైద్యం చేయించుకున్నారా, ఎవరినైనా గాయపరిచారా, మత్తుపదార్థాలు తీసుకున్నారా అని అడుగుతూ పోయి, మద్యం దగ్గరికి వచ్చాడు. అప్పుడప్పుడు కల్లు తాగుతానన్నాను. ఆయన కలం ఆగింది. ఎంత తాగుతారని అడిగాడు. ఈత కల్లా, తాటి కల్లా, సీసా లెక్కనా, లొట్టి లెక్కనా అన్నది తేలకుండా దానికి జవాబు చెప్పడం ఎంత కష్టమో తెలంగాణలో పుట్టినవాడికే తెలుస్తుంది. పండుగలకు మాత్రమేనని చెప్పాను. ఆయన కూడా మా వైపు మనిషే కాబోలు, నవ్వుకుంటూ రాసుకున్నాడు.

బయటికి వచ్చేసరికి అవ్వ ముఖం మారిపోయింది. ఆమె ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన నీడ కనిపించిందట. ఎన్నో ఏళ్ల కిందట క్షయ వచ్చి, సర్కారు దవాఖానాలో ఆరు నెలలు మాత్రలు మింగిందని అల్లుడు చెప్పాడు. నయమైన తరువాత కూడా మచ్చ మిగిలిపోవచ్చు. ప్రపంచంలోని క్షయ కేసులలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనివే కనుక, ఇక్కడి నుంచి పోయేవారి ఛాతీని వారు ఇంత పట్టుదలగా చూస్తారు. నీడ కనిపిస్తే మూడు రోజులు వరుసగా కఫం ఇవ్వాలి. అందులో క్షయ క్రిములు పెరుగుతాయేమోనని దానిని ఎనిమిది వారాలు కల్చర్‌లో ఉంచి చూస్తారు. అప్పటిదాకా వీసా కదలదు. ఇది తిరస్కారం కాదనీ, కేవలం ఆలస్యమనీ అల్లుడు ఎంత చెప్పినా ఆమె వినలేదు. "నేను ఒక్క బీడీ తాగలే బిడ్డా. చుట్టిన, గంతే," అని నాకు సంజాయిషీ చెప్పింది. ఆ హాలులో సంజాయిషీ అడిగే అధికారం నాకు ఎక్కడిది? క్యాంటీన్‌లో ముగ్గురికీ టీ తెచ్చాను. కాగితపు కప్పులో సగానికి పోసిన ఆ టీ ధరకు హనుమకొండ చౌరస్తాలో మా స్టాఫ్‌రూమంతా టీ తాగవచ్చు. అవ్వ ధర అడిగి, విని, కప్పు అడుగు దాకా తాగింది. అల్లుడు నా నంబరు తీసుకున్నాడు.

మరునాటి వేలిముద్రల పని త్వరగా ముగిసింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో రైలు దిగి, మెట్లు దిగితే అదే భవనంలో వేలిముద్రలు తీసుకునే వీసా కేంద్రం. ఫోను లోపలికి రానివ్వరు కనుక, బయట దాచిపెట్టే మనిషికి ఇచ్చిన డబ్బే ఆ రోజు నన్ను ఎక్కువ బాధించింది. అమ్మ చెప్పిందని చిలుకూరు కూడా వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చాను. నూట ఎనిమిది బాకీ ఉన్నాయి.

ముంబైకి నాంపల్లి నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో పోయాను. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో కాన్సులేట్ ముందు వరుసలోనే పొద్దంతా గడిచింది. కిటికీ ముందు నిలబడిన సమయం కొద్ది నిమిషాలే. కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాక, ఎలా పరిచయమయ్యారు, పెళ్లికి ఆమె తరఫున ఎవరెవరు వచ్చారు, పెళ్లి తరువాత ఎన్నిసార్లు కలిశారు అని ఆ అధికారిణి అడిగింది. హనుమకొండ నుంచి మోసుకుపోయిన పెళ్లి ఆల్బమ్‌ను తెరిచి చూడనైనా లేదు, విడిగా ఉన్న నాలుగు ఫోటోలు చూసి ఇచ్చేసింది. చివరిగా, అక్కడికి వెళ్లి ఏం చేస్తారని అడిగింది. పదేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని, ఆ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేను. మొదట కారు నడపడం నేర్చుకుంటాను, ఆ తరువాత చూస్తానన్నాను. ఆమె నవ్వి, వీసా ఇస్తున్నామని చెప్పింది. పెళ్లయి రెండేళ్లు నిండలేదు కనుక నాకు వచ్చేది షరతుతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డు. ఆ గడువు ముగిసే ముందు ఇద్దరం కలిసి, మా కాపురం నిజమైనదేనని మళ్లీ కాగితాలు పెట్టుకోవాలి.

తిరిగివచ్చాక లెక్క రాశాను. పిటిషన్‌కు 625 డాలర్లు, హామీపత్రానికి 120, వీసాకు 325, ప్రయాణానికి ముందు కట్టవలసిన గ్రీన్ కార్డు రుసుము 235. డాలర్లన్నీ నా భార్య కట్టింది, రూపాయలన్నీ నేను కట్టాను. ఆ లెక్కల సంగతి ఫోనులో చెబితే, ఇల్లరికపు అల్లుడికి లెక్కలెందుకన్నది. అవ్వ కథ ఆమెకు చెప్పి ఉండకూడదు.

వైద్యపరీక్ష ఆరు నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దానితోనే ముడిపడి ఉంటుంది. సెమిస్టరు పరీక్షలు పూర్తిచేసి పోదామని నేను ఇంకా ఊళ్లోనే ఉండగా అవ్వ అల్లుడు ఫోను చేశాడు. కల్చర్‌లో ఏమీ లేదని తేలిందట, ముంబైకి కొత్త తేదీ కోసం ఎదురుచూస్తున్నారు. కాన్సులేట్‌కు దగ్గరలో దిగితే గది అద్దె ఎంత గుంజుతారో, కుర్లా స్టేషన్ నుంచి ఆటోకు ఎంత ఇవ్వాలో, ఫోను ఎక్కడ వదలాలో అంతా చెప్పాను. మధ్యలో అవ్వ ఫోను లాక్కున్నది.

"ఆడ గూడ ఎక్స్‌రే తీస్తరా బిడ్డా?"

"తియ్యరవ్వా. నీ కొడుకు గురించి నాలుగు మాటలడుగుతరు."

"మాటలైతే ఎన్నైనా చెప్త," అన్నది.