ఎగిరాకే పేరు

నేను ఊహించి గీస్తున్న ఎగిరే జీవికి చేతులు ఉంచాలా, తీసేయాలా? పొద్దున్నుంచి ఇదే గోల. గబ్బిలం రెక్క అంటే సాగిన వేళ్ళ మధ్య పరుచుకున్న చర్మమే కదా. అందుకే నా జీవికి వీపు మీద అదనంగా రెక్కలు అతికించకుండా, చేతుల్నే రెక్కలు చేసేశాను. బొటనవేలు మాత్రం విడిగా వదిలాను. కొమ్మ పట్టుకోవాలన్నా, పిల్లని గోకాలన్నా అదొక్కటే దిక్కు.

బొమ్మ సరే, పేర్ల దగ్గరికొచ్చేసరికి తల వేడెక్కింది. పారట్‌లెట్లనే బుల్లి చిలుకల పిల్లలు గూట్లో ఉండగానే తల్లిదండ్రుల నుంచి పేరులాంటి తమ పిలుపు నేర్చుకుంటాయి. నేను కల్పించిన ఈ జీవుల్లో అలా కుదరదు. మొదటిసారి ఎగిరేదాకా పిల్లకి పేరే లేదు, “ఫలానావాళ్ళ బరువు” అంటారంతే. ఎగిరాక, ఆ రోజు వీచిన గాలి పేరుకి, కింద నిలబడి చూసినవాళ్ళ పేరులో ఒక ముక్క కలిపి పిలుస్తారు.

మరి ఎప్పటికీ ఎగరలేనివాళ్ళో? వాళ్ళ పేరు వాళ్ళే పెట్టుకుంటారు. మిగతావాళ్ళకి ఆ విషయంలో లోలోపల కాస్త కుళ్ళు కూడా (ఈ ముక్క నాకు భలే నచ్చింది).

ఇప్పుడు ఒకడితో చిక్కొచ్చి పడింది. అర్ధరాత్రి ఈదురుగాలిలో ఎగిరాడు, చూసినవాళ్ళెవరూ లేరు. వాణ్ణి ఏమని పిలవాలో ఐడియా ఉంటే కాస్త చెప్పండి.