మా పిన్ని బ్లాగు: తొలి టపాకు ముందు చేసుకున్న ఏర్పాట్లు

ఆమదాలవలసలో ఉంటున్న మా పిన్ని ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లు పంతులమ్మగా పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేసింది. ఆమె పుట్టిల్లు పొందూరు. అక్కడ మా అమ్మమ్మ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్ననూలు వడికిన తీరు తనతోనే మరుగున పడిపోకూడదని, దాన్ని వివరంగా రాసి నలుగురికీ అందుబాటులో ఉంచాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. మొన్న దసరా సెలవుల్లో నేను విజయనగరం నుంచి వెళ్లి, ఆమె దగ్గర రెండు రోజులు కూర్చుని బ్లాగు తెరిచి ఇచ్చాను. తెరవడానికి పట్టింది పది నిమిషాలే. మిగిలిన సమయమంతా సెట్టింగులకు పట్టింది, అయినా అది వృథా అయిందని ఇద్దరికీ అనిపించలేదు. టపాలో, అంటే బ్లాగులో పెట్టే వ్యాసంలో, అచ్చుతప్పు దొర్లితే రేపైనా దిద్దుకోవచ్చు గానీ, ఖాతా, చిరునామా, లంకెలు (లింకులు) మొదట్లోనే తప్పుగా పెట్టుకుంటే, యాభై టపాలు రాశాక వాటిని సరిచేయబోవడం కట్టిన ఇంటికి పునాది మార్చబోవడమే అవుతుంది. మా పిన్నిలాగే రాయడం వచ్చి, కంప్యూటరు పని కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం, మేము చేసిన పనులను చేసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కడ తెరవాలన్నది మొదటి ప్రశ్న. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టిన బ్లాగర్ అనే ఉచిత బ్లాగు వేదికను 2003లో గూగుల్ కొనుగోలు చేసింది, బ్లాగులు నడిపే మరో సాధనమైన వర్డ్‌ప్రెస్ కూడా అదే 2003లో వెలువడింది. వర్డ్‌ప్రెస్‌ను సొంతంగా హోస్టింగు, అంటే బ్లాగును ఉంచడానికి ఇంటర్నెట్టులో చోటు, కొనుక్కుని నడుపుకుంటే ఎన్నో సదుపాయాలు ఉంటాయి గానీ, ఏటా డబ్బు కట్టడం, ప్లగిన్లను (అదనపు సదుపాయాల కోసం చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను) ఎప్పటికప్పుడు తాజా చేసుకోవడం, భద్రత చూసుకోవడం మన మీదే పడతాయి. ఇవేవీ లేకుండా రాసుకుంటే చాలనుకునేవారికి బ్లాగర్ సరిపోతుందని నా అభిప్రాయం, మా పిన్నికీ అదే ఎంచాను.

ఆ తరువాతది ఖాతా. ఈ విషయంలో నా అనుభవం చేదుగా ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక నెట్ సెంటరు అబ్బాయి తన ఫోను నంబరు ఇచ్చి నాకు మెయిల్ ఖాతా తెరిచి పెట్టాడు, ఆ ఖాతాతోనే నా మొదటి బ్లాగు మొదలైంది. కొన్నాళ్లకు ఆ సెంటరు మూతపడింది, ఆ నంబరు మారిపోయింది, నేను పాస్‌వర్డు మరిచిపోయాను. ఆ బ్లాగు ఇప్పటికీ ఇంటర్నెట్టులో కనిపిస్తూనే ఉంది, అందులో ఒక కామాను కూడా నేను మార్చలేను. అందుకే పిన్ని సొంత ఫోను నంబరుతో, ఆమె సొంత ఖాతాతో బ్లాగు తెరిచాము. రికవరీ మెయిలుగా నాది ఇచ్చి, పాస్‌వర్డుతో పాటు ఇంకోసారి నిర్ధారణ అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టి, దానితో వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఆమె బీరువాలో పెట్టించాను. బ్లాగర్ సెట్టింగులలో మరొకరిని రచయితగా చేర్చి, వారికి అడ్మిన్ (నిర్వాహకుల) హోదా ఇచ్చే వీలు ఉంది. పెద్దవాళ్ల బ్లాగులకు ఇంట్లో నమ్మకమైన రెండో అడ్మిన్ ఒకరు ఉండటం చాలా అవసరమని నేను అనుకుంటాను.

చిరునామా దగ్గర మాకు గంట పట్టింది. బ్లాగు పేరు తెలుగులో ఎంత అందంగానైనా పెట్టుకోవచ్చు గానీ, బ్లాగర్ ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామాలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప వేరేవి చెల్లవు. పిన్ని కోరిన పేరులో ‘నూలు’ ఉంది. దాన్ని ఇంగ్లీషులో ఒకరు రెండు ‘ఓ’లతో రాస్తారు, ఇంకొకరు ఒక్క ‘యు’తో రాస్తారు, ఫోనులో చెబితే విన్నవాళ్లు మూడో రకంగా రాసుకుంటారు. మా విజయనగరం పేరునే ఇంగ్లీషులో ‘జెడ్’తో రాయాలని తెలియక ‘జె’తో వెతికినవాళ్లకు హంపీ విజయనగరం ఎదురవుతుంది. అందుచేత ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే రకంగా రాయగలిగిన, ఫోనులో ఒక్కసారి చెబితే అర్థమయ్యే చిన్న పేరు ఎంచుకోవడం మేలు. ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరున్నట్టే, బ్లాగు చిరునామాలోనూ బయటివాళ్లు వెతికే మాట ఉంటే మంచిదని చెప్పి, ఊరి పేరు ఉండేలా చూశాను.

అన్నింటికంటే ఎక్కువ శ్రమ టైపింగు దగ్గర పడింది. పిన్ని కొన్నేళ్ల క్రితం పదకొండు పేజీల వ్యాసం రాసి, డీటీపీ సెంటరులో కొట్టించి, ఆ ఫైలును పెన్‌డ్రైవులో దాచుకుంది. దాన్ని తెచ్చి బ్లాగు ఎడిటరులో అతికించగానే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు పరుచుకున్నాయి. “ఇదేటే అమ్మా, ఒక్క ముక్కయినా చదవడానికి రాట్లేదు?” అని ఆమె కంగారుపడింది. అచ్చు పనికి వాడే పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా కూర్చేవారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగులా కనబడుతుంది, లేనిచోట దాని అసలు రూపం బయటపడుతుంది. ప్రతి లిపికీ విడిగా స్థానాలుండే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, అందులో తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకంగా కేటాయించి ఉన్నాయి, అక్కడ ‘ప’ అంటే ఏ ఫోనులోనైనా ‘ప’యే. బ్లాగులో రాసేది తప్పనిసరిగా యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, మార్చిన తరువాత వత్తులు, సున్నలు, అంకెలు తారుమారై ఉండవచ్చు కాబట్టి ప్రతి వాక్యాన్నీ అసలు కాగితంతో పోల్చి చూసుకోవాలి. మేము పదకొండు పేజీలనూ అలాగే దిద్దాము.

కొత్తగా రాసేవారికి దారులు చాలా ఉన్నాయి. తెలుగు అక్షరాల స్థానాలను నేర్చుకునే ఓపిక ఉంటే ఇన్‌స్క్రిప్టు కీబోర్డు మేలు, అది కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకోవాలనుకునేవారికి లేఖిని అనే ఉచిత సాధనం ఉంది. పిన్ని మాత్రం ఫోనులో మాట చెప్పి రాయించడానికే మొగ్గు చూపింది. మామూలు వాక్యాలు బాగానే వచ్చాయి గానీ, ‘ఏకు’ అన్న ప్రతిసారీ ఫోను ‘ఎక్కువ’ అని రాసింది, ‘వాలుగ’ను ఒక్కసారీ పట్టుకోలేకపోయింది. వృత్తికి సంబంధించిన మాటలు ఉన్న టపాలను నోటితో రాయిస్తే, ప్రచురించే ముందు ఒకసారి పైకి చదివి చూసుకోవాలి. ఇంకొక చిన్న సంగతి కూడా చెప్పాలి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలు రాసినప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తు పడిపోకుండా, పొల్లు తరువాత కనబడని గుర్తు ఒకటి పెడతారు. దాన్ని పెట్టినచోట ఒకలా, పెట్టనిచోట ఇంకోలా మాట రూపం మారుతుంది కనుక, ఒకే మాటను బ్లాగంతటా ఒకే తీరుగా రాయడం అలవాటు చేసుకోవాలి.

తెలుగులో బ్లాగులు రాసేవారిలో ఎక్కువమంది పట్టించుకోనిది టపా లంకె. టపాకు శీర్షిక తెలుగులో పెట్టి నేరుగా ప్రచురిస్తే, బ్లాగర్ దాని లంకెలో శీర్షికను చేర్చలేక ‘బ్లాగ్-పోస్ట్’ అనే ఇంగ్లీషు మాటను, ఆ తరువాతి టపాలకు అదే మాట పక్కన అంకెలను పెడుతుంది. వంద టపాలు అయ్యాక లంకె చూసి అది దేని గురించో చెప్పడం రాసినవారికి కూడా కుదరదు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను లంకెలో ఉంచుతుంది, కానీ ఆ లంకెను వాట్సాప్‌లోకి తీసుకెళ్లి అతికిస్తే చాలాసార్లు శాతం గుర్తుల బారుగా మారిపోతుంది. ఒక్కొక్క తెలుగు గుర్తు అక్కడ తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా విడిపోతుంది. ‘పొందూరు’ అన్న మాటలో గుణింతపు గుర్తులు, సున్న కలుపుకుని ఏడు గుర్తులు ఉన్నాయి, అంటే ఆ ఒక్క ఊరి పేరే అరవై మూడు గుర్తుల పొడవు అవుతుంది. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి 200 గుర్తుల హద్దు పెట్టింది కాబట్టి, ఇరవై రెండు తెలుగు గుర్తులు దాటిన శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. దీనికి మందు ఒక్కటే. ప్రచురించే ముందు, బ్లాగర్‌లో కుడివైపు కనిపించే పెర్మాలింక్ (టపా లంకె) దగ్గర ‘కస్టమ్’ ఎంచుకుని, విషయం తెలిపే రెండు మూడు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతలతో మనమే రాయాలి. ఒకసారి ప్రచురించి నలుగురికీ పంపిన తరువాత ఆ లంకెను మార్చకూడదు, మారిస్తే పాతది పట్టుకుని వచ్చినవారికి ఆ పేజీ దొరకదు.

సమయమండలం కూడా తొలిరోజే చూసుకోవలసినదే. కొత్త బ్లాగులో అది అమెరికా పశ్చిమ తీరపు కాలానికి పెట్టి ఉంటే, రథసప్తమి నాడు ఉదయం ఆరింటికి అరసవల్లి గుడి దగ్గర నుంచి రాసిన టపా మీద ముందురోజు సాయంత్రం నాలుగున్నర అని పడుతుంది. సెట్టింగులలో భారత కాలమానాన్ని, అంటే 5:30 గంటలు ముందున్న దాన్ని ఎంచుకుని, తేదీ రోజు-నెల-సంవత్సరం వరుసలో వచ్చేలా మార్చుకుంటే చాలు. అక్కడే బ్లాగు భాషను తెలుగుగా పెట్టుకోవచ్చు. శోధన వివరణ అనే గడిలో బ్లాగు దేని గురించో ఒకటి రెండు వాక్యాల్లో తెలుగులో రాసి, సెర్చ్ ఇంజన్లకు కనబడేలా ఉంచాలి. దాని కిందనే రోబోట్స్ పేరుతో కొన్ని మీటలు ఉంటాయి. అవి తెలియకుండా ముట్టుకుంటే బ్లాగు మొత్తం గూగుల్‌కు కనబడకుండా పోవచ్చు కాబట్టి, కొత్తవారు వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అలంకారాల విషయంలో పిన్నికీ నాకూ కొంత వాదన జరిగింది. ఆమెకు పూల అంచులున్న ముదురు రంగు థీము (బ్లాగు రూపం) నచ్చింది, నేను తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలే ఉండాలని పట్టుబట్టాను. చదివేవారిలో చాలామంది ఫోనులోనే చదువుతారు, అందులోనూ ఆమె ఈడువారు ఎక్కువ. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు ఉండటం వల్ల ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు సరిపోదు, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకి చదువు సాగదు. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగా, నా లెక్కన 1.7 రెట్లు, వరుస ఎడం ఉండేలా థీములోని సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడులో, ఒక్క మాట చేర్చాను. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. టపా వచనానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ హాయిగా ఉంటాయి. శీర్షికకు గిడుగు అనే ఫాంటును పెట్టాను. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, వాడుక భాషలో రాయడం కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న ఫాంటు అది. మన సిక్కోలు (శ్రీకాకుళం) మాటల్లో రాసే బ్లాగుకు నెత్తిన ఆ పేరు ఉండటం నాకు చెప్పలేనంత తృప్తినిచ్చింది, పూల అంచుల సంగతి పిన్ని కూడా ఆ తరువాత ఎత్తలేదు.

ఫొటోలను ఫోనులో తీసినవి తీసినట్టే ఎక్కించకుండా, వెడల్పు 1600 పిక్సెళ్లకు మించకుండా తగ్గించాలి, లేకపోతే సిగ్నలు అంతంత మాత్రంగా ఉన్న ఊళ్లలో పేజీ తెరుచుకోదు. ఇంట్లో తీసిన ఫొటోలలో ఆ చోటు వివరాలు దాగి ఉండవచ్చు కాబట్టి, కెమేరాలో లొకేషను ఆపి తీయడం మంచిది. వ్యాఖ్యలు ఎవరైనా రాయవచ్చని పెట్టి, పిన్ని చూసి ఒప్పుకున్నాకే బయటికి కనబడేలా మోడరేషను పెట్టాము. ఖాతా ఉన్నవారే రాయాలంటే పొందూరులోని పెద్దవాళ్లు ఆ గడపే దాటరు, అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే పనికిరాని లంకెలు వచ్చి పడతాయి. టపాలను విషయాల వారీగా విడదీసే లేబుళ్లు నాలుగే పెట్టాము: పత్తి, ఏకులు, రాట్నం, మగ్గం. నెలకొకసారి బ్యాకప్ దించుకోవడం నా వంతు. సొంత డొమైను (బ్లాగ్‌స్పాట్ పేరు లేని సొంత చిరునామా) సంగతి పాతిక టపాలు అయ్యాక చూద్దామనుకున్నాము.

మొదటి టపా దవడ ఎముక మీదే. చూపుడువేలంత పొడవున, సన్నని పళ్ల వరుసతో ఉన్న ఎముకను తెల్ల పంచె మీద పెట్టి కిటికీ వెలుగులో ఫొటో తీశాము. ఏకులను ఎండిన అరటి దొప్పలో దాచేవారని, అందులో అవి నలగకుండా నునుపుగా ఉండేవని పిన్ని రాసింది. లంకె దగ్గర ‘పొందూరు’, ‘వాలుగ’ అన్న రెండు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో తనే ఒక్కొక్కటిగా కొట్టి ప్రచురించింది. మూడో రోజున మొదటి వ్యాఖ్య మోడరేషనులోకి వచ్చింది. అమ్మమ్మతో కలిసి వడికిన ఒకావిడ మనవరాలు, తన మామ్మ చెప్పగా రాసిన వ్యాఖ్య అది. దవడను పత్తి మీద ఏ దిక్కుగా లాగాలో పిన్ని తిరగేసి రాసిందట. పిన్ని నాకు ఫోను చేసి, శీర్షికతో సహా రెండు వాక్యాలు మారుస్తాను, లంకె చెడిపోదు కదా అని అడిగింది. శీర్షిక మార్చినా, లోపల ఎంత దిద్దినా, ప్రచురించిన లంకె అలాగే ఉంటుందని చెప్పాను. ఆ రాత్రే దిద్ది, కింద దిద్దిన తేదీ వేసి, వ్యాఖ్యను ఒప్పుకుంది.