పోస్టాఫీసు బల్ల దగ్గర

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి రాజమండ్రి వచ్చేశాను. ఇంటి నుంచే వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే పని దొరికింది. కొన్నాళ్లకు అందరికీ లాక్‌డౌన్ అయిపోయింది, నాకు మాత్రం అవలేదు. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. మోగి మోగి ఆగిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, ఆ తర్వాత "ఇప్పుడే చూశానండీ" అని మెసేజ్ పెట్టేదాన్ని. పిన్ని కూతురి పెళ్లికి జ్వరమని అబద్ధం చెప్పాను. ఆ రాత్రి అందరూ బంతిలో కూర్చుని భోంచేస్తున్న ఫొటోలు చూసి వెక్కివెక్కి ఏడ్చాను. "దానికి మనుషులంటే పడదు" అని మా వాళ్లు అనుకునేవారు. ఎందుకు పడదు? అక్కడికి వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది, కాళ్లు కదిలేవి కావు.

2023 జనవరిలో ఒక రాత్రి ఇక తట్టుకోలేక 14416కి ఫోన్ చేశాను. అంతకు ముందు అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. రెండుసార్లు అవతల "హలో" వినపడగానే కట్ చేశాను. మూడోసారి నాకు మాట రాలేదు. అవతలి అమ్మాయి తొందరపెట్టలేదు. "పర్వాలేదండీ, మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండి, నేను లైన్‌లోనే ఉంటాను" అంది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆమె చెప్పాకే ఊళ్లో ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ చెప్పింది విన్నాక నాకు చాలా విషయాలు తేటపడ్డాయి. భయపడి తప్పుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, ఆ హాయే భయానికి మేత. తప్పుకోకుండా నిలబడితే దడ కాసేపు పెరిగి, దానంతట అదే దిగుతుంది. నేనెప్పుడూ అది దిగేదాకా ఆగలేదు. ఇంకోటి, నలుగురిలో ఉన్నప్పుడు నా ధ్యాసంతా నామీదే ఉంటుందట. గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా అని నన్ను నేను కాపలా కాస్తుంటే ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. ఎవరూ పలకరించకూడదని, పాటలేమీ పెట్టకుండానే ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని బజారుకెళ్లడం లాంటి అలవాట్లన్నీ మానేయమన్నారు.

ఒక నోటుబుక్కు కొన్నాను. భయపడే పనులన్నీ అందులో చిన్న చిన్న మెట్లు. ముందు భయం నూటికి ఎంత, తర్వాత ఎంత, రాసుకోవాలి. మొదటిది కరివేపాకు బేరం. తర్వాత మెయిన్ రోడ్డులో ఒంటరిగా నిలబడి రోజ్‌మిల్క్ తాగడం. వెళ్లేముందు 80 అని రాశాను, గ్లాసు ఖాళీ అయ్యేసరికి 45. ఆ 45 చూసుకుని ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను. అన్ని రోజులూ అలా లేవు. ఒక కొట్టాయన చిల్లర లేదని గట్టిగా విసుక్కుంటే రెండు వారాలు గడప దాటలేదు.

ఆ రెండు వారాల్లోనే లోపలి పుండు ఎక్కడుందో దొరికింది. ఎనిమిదో తరగతిలో ప్రార్థనలో అందరి ముందూ ప్రతిజ్ఞ చెప్పిస్తూ రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. పిల్లలు నవ్వారు. పక్కనే ఉన్న టీచరూ నవ్వారు. నాకు ఆ టీచరు నవ్వే గుర్తుండిపోయింది. ఆ ఎనిమిదో తరగతి పిల్లకు, అంటే అప్పటి నాకే, ఉత్తరం రాయమన్నారు సైకాలజిస్ట్. ఇదేం వైద్యం అనుకుంటూనే కూర్చున్నాను. "నీ తప్పేం లేదమ్మా, ఎండలో నిలబెట్టారు, నీకు దాహం వేస్తోంది" అని రాయగానే చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు దాహం వేసిన సంగతి ఇన్నేళ్లూ నాకే గుర్తు లేదు. ఆ పిల్లను నేను కూడా ఇన్నేళ్లూ తిడుతూనే ఉన్నాను.

తర్వాతి మెట్టు పోస్టాఫీసు. అమ్మ ఖాతా పనిమీద వెళ్లి, తాడు కట్టిన పెన్ను ఉన్న బల్ల దగ్గర నిలబడ్డాను. ఒక మామ్మగారు నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఈ కాయితం కాస్త నింపిపెట్టవూ" అన్నారు. డబ్బు తీసుకునే ఫారం అది. పాసుబుక్కు చూసి నంబరు వేశాను, అంకెల్లో, అక్షరాల్లో మొత్తం రాశాను, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించాను. ఆవిడ పని కాగానే ఇంకొకాయన తన కాయితం నా ముందు పెట్టారు. ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిస్తే రాయడానికి అంకె లేదు. అంతసేపూ భయం సంగతే నాకు గుర్తురాలేదు.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి వారంలో రెండు పూటలు అక్కడికి వెళ్తున్నాను. వడ్డీ డబ్బు కోసం వచ్చే పెద్దవాళ్లు ఎక్కువమంది ఉంటారు. నేను పుణ్యం కోసం చేస్తున్నానని కొందరనుకుంటారు. వాళ్లు నాకు ఎంత చేశారో వాళ్లకి తెలియదు.

మొన్నొకరోజు కౌంటరు పక్కన అంటించిన నోటీసు చదివి వినిపించమన్నారు. చుట్టూ ఏడెనిమిది మంది. రెండో లైనులో ఒక మాట దగ్గర నాలుక మడతపడింది. చెవులు వేడెక్కాయి. ఎవరూ నవ్వలేదు. "నిదానంగా చదువమ్మా, మాకేం తొందర" అన్నారు వెనకనుంచి ఒకాయన. ఊపిరి తీసుకుని మళ్లీ మొదటినుంచి చదివాను. మొదట నా చెయ్యి పట్టుకున్న మామ్మగారు ఎడమ బొటనవేలి సిరా తల వెంట్రుకలకు తుడుచుకుంటూ, "వచ్చే నెల కూడా ఉంటావుగా?" అని అడిగారు.

"ఉంటానండీ" అన్నాను.