రంగు తేడా ఎక్కడ అన్యాయమవుతుంది?

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే కణాల సంఖ్య అందరి చర్మంలోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా మెలనిన్ రేణువుల సైజులో, రకంలో, అవి సర్దుకునే తీరులో. ఇది వైవిధ్యం, అంతే.

అసమానత మనం చేసే పనుల్లో ఉంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌నే చూడండి. సుమారు 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న (ఎరుపు, పరారుణ) కాంతిని వేలిలోంచి పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కకడుతుంది. ఆ కాంతిని మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. ఎక్కువగా లేత చర్మం మీదే సరిచూసిన పరికరం ముదురు చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, తెరపై 92–96 శాతం ఉన్నా రక్తంలో నిజంగా 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు శ్వేతజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు. ఊపిరాడని మనిషికి "బాగానే ఉంది" అని చెప్పడం ఎంత ఘోరం!

వేలు వెచ్చగా ఉంచి, గోళ్లరంగు తీసేసి, అంకె నిలకడయ్యాకే చదవండి. అంకె బాగున్నా ఆయాసం తగ్గకపోతే ధమని రక్తపరీక్ష (ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్‌ని నేరుగా కొలిచేది) చేయమని గట్టిగా అడగండి.