బట్టలు ఉతికే బండ

"మేస్త్రీ, ఆగు. సుత్తి దించు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెరట్లో బాత్రూం కట్టిస్తున్నాం. నాయనమ్మ ఇన్నేళ్లూ బట్టలు ఉతికిన బండను పక్కకు తిప్పితే, అడుగున కత్తి పట్టుకున్న మనిషి! నడుముకు దట్టీ, పైన ఓ మూల సూర్యుడు, ఇంకో మూల చంద్రుడు. కత్తి కొన దగ్గర మాత్రం మట్టి గట్టిపడిపోయింది. వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టే రాయి.

"రెండు ముక్కలు చేస్తే మెట్టుకు మస్తు సరిపోతది సార్" అన్నాడు మేస్త్రీ. ఆయన తప్పేముంది? మేమూ ఇన్నేళ్లూ సబ్బు రుద్దినవాళ్లమే.

నాయనమ్మ వచ్చి చూసి, "అయ్యో, బోర్లా పండబెట్టినమా బిడ్డా" అని కొంగుతో రాయి మొహం తుడిచింది.

నల్లగొండలో ఉంటూ నెలకోసారైనా పానగల్లు పోతాను. ఛాయా సోమేశ్వరంలో లింగం మీద నీడ చూపించి చుట్టాల దగ్గర గొప్పలు కొడతాను. పచ్చల సోమేశ్వరం పక్కన మ్యూజియంలో ఇలాంటి రాళ్ల ముందు నిలబడి ఫోటోలు దిగాను. 2017లో రాష్ట్రానికి వారసత్వ సంపదను కాపాడే చట్టం వచ్చిందని ఎవరు అడిగినా చెప్తాను. ఇంట్లో ఉన్నది మాత్రం తెలియలేదు.

పురావస్తు శాఖకు ఫోటోలతో ఉత్తరం రాశాను. అంతదాకా వేప చెట్టు కింద నిలబెట్టాం. సాయంత్రం చూస్తే ముందు రెండు బంతిపూలున్నాయి.

బట్టలకు కొత్త బండ కావాలట. నాయనమ్మ ఆర్డర్.