పదకొండు గంటల టిఫిను

ఏప్రిల్ మొదటి ఆదివారం. మెల్‌బోర్న్ దగ్గర మా ఊళ్లో డే లైట్ సేవింగ్, అంటే వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే పద్ధతి, అయిపోయింది. తెల్లవారుజామున మూడు కావాల్సిన గడియారం మళ్లీ రెండుకి వచ్చింది. ఫోన్లు వాటంతటవే మారిపోయాయి కానీ అత్తయ్య మారలేదు. పాత లెక్కన ఆరింటికి, కొత్త లెక్కన ఐదింటికి లేచి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఇంటిల్లిపాదీ లేవాల్సొచ్చింది.

మా ఆయన స్టూలెక్కి స్మోక్ అలారం బ్యాటరీలు మార్చారు. గడియారం మారిన రోజే వాటినీ మార్చమని ఇక్కడ ఫైర్ వాళ్లు చెబుతుంటారు. సరిగ్గా ఉందో లేదో చూద్దామని బటన్ నొక్కితే అది పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొదలెట్టింది, కుక్కకి పోటీగా చెట్టు మీద కాకటూలనే తెల్ల చిలకలు. కొండ ఊళ్లో ఎంత ప్రశాంతమో అంటారు మావాళ్లు. కాకటూల గుంపు అరుపు వినలేదు వాళ్లు.

పదింటికి అనకాపల్లిలో ఆడపడుచుకి ఫోన్ చేశాం. నిన్నటిదాకా ఐదున్నర గంటల తేడా, ఇవాళ్టి నుంచి నాలుగున్నరే. అక్కడ ఐదున్నర. "ఇప్పుడే కల్లాపి జల్లానే, కాసేపాగు" అంటూనే అరగంట మాట్లాడింది. ఆకలి దంచేస్తుండగా బ్రంచ్‌కి బయల్దేరాం.

"పదకొండింటికి టిఫినేటమ్మా? అదయ్యేసరికి భోజనం వేళవుద్ది" అన్నారు అత్తయ్య.

"భోజనం కూడా అందులోనే అత్తయ్యా."

"మరి అన్నం?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

మేం ఉండేది బెల్‌గ్రేవ్‌లో. మెల్‌బోర్న్ సబర్బన్ రైలుకి ఇది ఆఖరి స్టేషను. ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచి గంట దాటుతుంది. అప్పర్ ఫెర్న్‌ట్రీ గల్లీ తర్వాత ఒకటే పట్టా, మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. 1900లో ఆ దారిలో నడిచింది చిన్న పట్టాల బండి. 1953లో కొండచరియ విరిగిపడింది, మరుసటేడు ఆ బండి ఆగిపోయింది. 1962లో ఇటు కరెంటు రైలొచ్చింది. అదే ఏడు అటు పక్క వలంటీర్లు పాత బొగ్గు బండిని మళ్లీ నడిపించారు. అదే పఫింగ్ బిల్లీ. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలొచ్చినా ఒకసారి ఎక్కించి తీరాల్సిందే. మా ఊరు చాలామంది తెలుగువాళ్లకి తెలిసింది ఆ బండి పార్కింగ్ దాకానే. దిగడం, ఎక్కడం, ఫొటోలు, వెళ్లిపోవడం. ఇక్కడ మనుషులు కాపురాలు చేస్తారని చెబితే టార్నీట్ అనే సబర్బ్‌లో ఉండే ఫ్రెండ్స్ వింతగా చూస్తారు. "కరివేపాకు దొరుకుతుందా?" అనేది మొదటి ప్రశ్న. దొరకదు. డాండెనాంగ్‌లో ఫాస్టర్ స్ట్రీట్ దాకా, ఆ లిటిల్ ఇండియాకి, అరగంట పైన కారు తోలాలి. నా కరివేపాకు మొక్క చలికాలమంతా హాల్లో కిటికీ దగ్గరే ఉంటుంది. అయినా నాలుగు రెమ్మల కన్నా ఎక్కువ ఇచ్చిన పాపాన పోలేదు. గోంగూర మాట ఎత్తకండి.

నడిచే వెళ్లాం. దిగడం సులువే, తిరిగి ఎక్కేటప్పుడే ఉంటుంది అసలు సంగతి. అత్తయ్య ప్రతి మలుపులోనూ ఆగి తల పైకెత్తి చూస్తున్నారు. "ఇవి మన జామాయిల్ చెట్లే కదా?" అన్నారు. అవే, ఆ కుటుంబమే. మన దగ్గర నాలుగైదేళ్లకి నరికి పేపరు మిల్లుకి తోలేస్తారు కాబట్టి జామాయిల్ అంటే మనకి కర్రలాగే గుర్తు. ఇక్కడి మౌంటెన్ యాష్‌ని నరక్కుండా వదిలేస్తే ఎనభై, తొంభై మీటర్లు పోతుంది. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనవాటిలో ఇదొకటి. షెర్‌బ్రూక్ అడవిలో దాని మొదట్లో నిలబడితే చివర కనబడదు. అరకు కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ కూడా ఈ దేశపు చెట్టేనని చెప్పాను. "అయితే మనకి అన్నీ వీళ్లే ఇచ్చారా?" అని కొంచెం నొచ్చుకున్నారు.

కేఫ్‌లో కిటికీ పక్క బల్ల దొరికింది. మెనూ కింద చిన్న అక్షరాల్లో ఆదివారం పది శాతం అదనం అని రాసుంది. అవకాడో టోస్ట్ ఇరవై నాలుగు డాలర్లు. అత్తయ్య లెక్క కట్టడంలో కాలిక్యులేటర్‌ని మించిపోతారు. "పదమూడొందల పైమాటే! రొట్టె మీద పచ్చడి రాసినందుకా?" తిండి వరకూ నాది ఆవిడ పార్టీయే. సవర్‌డో, అంటే పులిసిన పిండి రొట్టె, దవడలకి వ్యాయామం. పైన అవకాడోలో ఉప్పు ఉందో లేదో వెతుక్కోవాలి. ఆవిడ గుడ్డు తినరు. దాంతో గుడ్డు తీసేసి, హ్యాష్ బ్రౌన్, పుట్టగొడుగులు, వేయించిన టమాటా ఇమ్మని అడిగితే, అవన్నీ ఎక్స్‌ట్రాల లెక్కలో వేశారు. గుడ్డు తీసేసినందుకు మాత్రం పైసా తగ్గలేదు. కాఫీ ఎక్స్‌ట్రా హాట్ చెప్పినా "పొగలేవీ?" అన్నారు. పాలు మరిగిస్తే రుచి పోతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. మనకి మరక్కపోతే అవి పాలే కావు. ఈ విషయంలో రాజీ కుదరదు. పర్సులోంచి చిన్న డబ్బా తీసి కారప్పొడి టోస్ట్ మీద జల్లుకున్నారు. మా ఆయన అటూ ఇటూ చూసి తన ప్లేటు కూడా ముందుకి జరిపారు.

అంత డబ్బు పోసి ఎందుకొస్తామంటే, ఊరి పనులన్నీ ఇక్కడే తెములుతాయి. చెట్లు కొట్టే అతను ఎవరింటికి వస్తున్నాడు, ఎవరి ఇంటి చూరు గట్టర్లు ఇంకా ఆకులతో నిండున్నాయి, కట్టెలు ఎక్కడ ఎండువి దొరుకుతాయి, రేపు రైలుందా, దాని బదులు బస్సా, ఇవన్నీ కౌంటర్ దగ్గర నిలబడితే పది నిమిషాల్లో తెలుస్తాయి. ఫోన్‌లో ఎన్ని ఆప్‌లున్నా అంతే. 2021 జూన్‌లో గాలివాన వచ్చిన రాత్రి కొండ మీద చెట్లు లెక్కలేనన్ని కూలాయి. కొన్ని ఇళ్లకి వారాల తరబడి కరెంటు రాలేదు. కలోరమా, ఒలిండా, షెర్‌బ్రూక్ వైపు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఫోన్ టవర్లకీ కరెంటు లేకపోయేసరికి సిగ్నల్ కూడా పోయింది. అప్పటికి ఇక్కడ మాకు ఎవరూ తెలియదు. ఏ రోడ్డు తెరిచారో, వేడి నీళ్లతో స్నానం ఎక్కడ చేయొచ్చో మనుషుల్ని అడిగే తెలుసుకున్నాం. మా ఇంటి కింద ఉండే పెద్దావిడ ఆ వారంలోనే పరిచయమైంది.

ఇవాళ ఆవిడా వచ్చింది, కుక్కతో. ఇక్కడ కుక్కలకీ గుమ్మం దగ్గర గిన్నెలో నీళ్లు పెడతారు, దానికి ఎక్స్‌ట్రా లేదు. 1983 ఫిబ్రవరి 16న, యాష్ వెడ్నస్‌డే మంటల రోజున, ఆవిడ ఇక్కడే ఉందట. విక్టోరియాలో, సౌత్ ఆస్ట్రేలియాలో కలిపి 75 మంది పోయిన రోజది. ఆ కబురు చెబుతూ చెబుతూ మా ఆయన్ని "గట్టర్లు శుభ్రం చేశావా?" అని అడిగింది, ఎండుటాకులకి నిప్పంటుకుంటుందని. అత్తయ్యకి ఇంగ్లిష్ అంతంతమాత్రమే, ఆవిడకి తెలుగు సున్నా. అయినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నన్ను అనువాదానికి పిలిచింది తక్కువే.

కింద లోయలోంచి బిల్లీ కూత వినబడింది. ఇవాళ ఆవిరి ఇంజనే. బయట నిప్పు రాజేయకూడదనే టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజుల్లో నిప్పురవ్వల భయంతో డీజిల్ ఇంజను తగిలిస్తారు.

కేఫ్ వంటగది రెండింటికి మూసేస్తారు. ఒకటిన్నర నుంచే కుర్చీలు సర్దడం మొదలవుతుంది, లేవమన్నట్టే. బయటికి రాగానే మావాడు పక్కూరు టెకోమాలో మెక్‌డొనాల్డ్స్‌కి వెళ్దామన్నాడు. అవకాడో వాడి కడుపులో ఏ మూలకీ సరిపోలేదు. ఆ షాపు వద్దని ఊళ్లోవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు, కౌన్సిల్ కూడా కాదంది, అయినా 2014లో తెరిచారు. అప్పుడు ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో కొందరు ఇప్పటికీ అందులో అడుగు పెట్టరు. మేం తర్వాత వచ్చినవాళ్లం కాబట్టి మాకా పట్టింపు లేకపోయినా పెద్దావిడ ఎదురుగా ఆ పేరెత్తడం బాగుండదని వాడి చెయ్యి నొక్కాను.

ఇంటికొచ్చాక ఎక్కిన ఆయాసం తీరేదాకా ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య కుక్కర్ పెట్టి చారు కాచారు. నాలుగింటికి అందరం అన్నం తిన్నాం. మా ఆయన నిచ్చెన వేసుకుని గట్టర్లలో ఆకులు తీశారు. ఎండుటాకులతో పాటు పోసమ్ అనే చెట్లెక్కే జంతువు పెట్టిన కంగాళీ కూడా బోలెడు. గ్రీన్ బిన్ నిండిపోయింది.

కేఫ్‌లో కట్టెలమ్మే అతనికి మూడు క్యూబిక్ మీటర్లు చెప్పేశాను. గురువారం తెచ్చి డ్రైవ్‌వేలో కుమ్మరిస్తాడట, శుక్రవారం వానంటున్నారు. ఆ లోపు మెట్లెక్కి షెడ్డులోకి మోసి పేర్చాలి. మా ఆయన నిచ్చెన మీదున్నప్పుడు ఈ సంగతి ఎందుకులే అని ఊరుకున్నాను. రేపు సాయంత్రం చెబుతాను, అత్తయ్య పక్కనుండగా.